రాత్రి షిఫ్ట్, ఎన్‌హెచ్ 65, నల్ల బండి: వెనక లారీకీ పక్క కారుకీ కనపడాలంటే ముందు ఏం చెయ్యాలి?

షిఫ్ట్‌సీ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. కూకట్‌పల్లి నుంచి పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాకి రోజూ బైక్ మీదే రాకపోకలు. మియాపూర్, చందానగర్, లింగంపల్లి దాటుకుంటూ మొత్తం ఎన్‌హెచ్ 65 మీదే. ఒక వారం పొద్దుటి షిఫ్ట్, ఒక వారం రాత్రి షిఫ్ట్. బండి 125 సీసీ, మామూలు హాలోజన్ బల్బు. బండి నలుపు, హెల్మెట్ నలుపు, జాకెట్ నలుపు, బ్యాగు కూడా నలుపే. కార్లు మీదికొచ్చి ఆఖరి క్షణంలో తప్పుకుంటున్నాయి. యూటర్న్‌ల దగ్గరైతే ఎదురుగా బండి వస్తోందన్న లెక్కే లేకుండా ముక్కు బయటపెట్టేస్తున్నారు.

రోడ్డు పనివాళ్ళు వేసుకునే ఆ మెరిసే చిలకపచ్చ జాకెట్ పగలు కూడా పనిచేస్తుందా? హెడ్‌లైట్‌లో ఎల్ఈడీ బల్బు వేయించాలా, కింద రెండు ఫాగ్ లైట్లు కట్టించాలా? హజార్డ్ స్విచ్ పెట్టించి నాలుగు ఇండికేటర్లూ వేసుకుని వెళ్తే మంచిదా? 2,000 రూపాయల లోపు ఏది ముందు చెయ్యాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

రేడియంరోల్ జవాబు

జాకెట్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. ఆ జాకెట్‌లో రెండు వేర్వేరు సరుకులు ఉంటాయి, రెంటి పనీ వేరు. గుడ్డకి వేసింది ఫ్లోరసెంట్ రంగు. అది ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలను పట్టుకుని కంటికి కనపడే వెలుతురుగా మార్చి వదులుతుంది. అందుకే మబ్బు పట్టినప్పుడు, తెల్లారేటప్పుడు, పొద్దు గూకే వేళ చుట్టూ ఉన్న రంగులన్నీ మసకబారినా అది మాత్రం వెలుగుతున్నట్టే ఉంటుంది. మీ పొద్దుటి షిఫ్ట్‌కి పనికొచ్చేది ఇదే. రాత్రి వీధి దీపాల కింద ఆ కిరణాలు ఉండవు కాబట్టి అది ఒట్టి లేతరంగు గుడ్డ. రాత్రి పనిచేసేది దాని మీద కుట్టిన బూడిదరంగు పట్టీ. హెడ్‌లైట్ వెలుగు ఎటునుంచి పడితే అటే తిప్పి కొడుతుంది. పగలు దానితో పని లేదు.

పగలు కూడా పనిచేస్తుందా అన్నారు. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో 1993-96 మధ్య ప్రమాదాల్లో దెబ్బలు తగిలిన బైకర్లనూ, అదే ప్రాంతం రోడ్ల మీద ప్రమాదం లేకుండా తిరిగినవాళ్ళనూ పోల్చి చూశారు. అది 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఫ్లోరసెంట్ గానీ రిఫ్లెక్టివ్ గానీ వేసుకున్నవాళ్ళకు ప్రమాదం 37 శాతం తక్కువ. తెల్ల హెల్మెట్ వాళ్ళకు నల్ల హెల్మెట్ వాళ్ళకంటే 24 శాతం తక్కువ. పగలు హెడ్‌లైట్ వేసుకున్నవాళ్ళకు 27 శాతం తక్కువ. బండి రంగుకీ ప్రమాదానికీ మాత్రం సంబంధం కనపడలేదు. కాబట్టి మీ నల్ల బండి గురించి దిగులు పడొద్దు, దాని మీద కూర్చున్న మనిషిని మార్చండి. తర్వాత హెల్మెట్ కొనేటప్పుడు ఐఎస్ 4151 అని ఐఎస్ఐ గుర్తు ఉన్న తెల్లదో, లేత పసుపుదో తీసుకోండి.

జాకెట్ కొనేటప్పుడు పట్టీ అసలుదో కాదో అక్కడే తేలిపోతుంది. దాన్ని నీడగా ఉన్న మూలలో వేలాడదీయమనండి. ఐదారు మీటర్లు వెనక్కి వచ్చి ఫోన్ టార్చ్ వేసి, ఫోన్‌ని చెంపకి ఆనించి కంటి పక్కనే పట్టుకోండి. చెయ్యి చాపి పట్టుకుంటే తెలియదు, వెలుగు తిరిగి వచ్చేది టార్చ్ దగ్గరికే కదా. మంచి పట్టీ తెల్లగా భగ్గుమంటుంది. బూడిదరంగుగానే ఉండిపోతే అది ఉత్త వెండిరంగు రిబ్బను, పక్కన పెట్టేయండి. పట్టీ వెడల్పు 50 మిల్లీమీటర్లు ఉండాలి. నడుం చుట్టూ ఒకటి, భుజాల మీదుగా రెండు ఉండాలి. ఉతికేటప్పుడు బ్లీచింగ్ వద్దు, బ్రష్షుతో రుద్దొద్దు, పట్టీ మీద ఇస్త్రీ అసలే వద్దు. ఆ మెరుపంతా పట్టీ పైపొరలో ఉన్న సన్నటి గాజు పూసలదే, అవి రాలిపోతే పట్టీ ఉన్నా లేనట్టే.

చాలామంది చేసే పొరపాటు ఏంటంటే, జాకెట్ వేసుకుని దాని మీద నల్ల బ్యాగు తగిలిస్తారు. వీపు మీద పట్టీ మొత్తం బ్యాగు కిందకి పోతుంది. వెనక లారీకి కనపడేది బ్యాగే. కాబట్టి వీపు వైపు పట్టీ బ్యాగు మీద ఉండాలి. పట్టీలున్న చిలకపచ్చ రెయిన్ కవర్ దొరుకుతుంది, వాన లేకపోయినా తొడిగి ఉంచండి. వానలో రెయిన్‌కోటు కింద జాకెట్ వేసుకునేవాళ్ళూ ఇంతే. జాకెట్ ఎప్పుడూ అన్నిటికంటే పైన.

ఇంకోటి, ఎత్తు. కారు డిప్పర్‌లో, అంటే లో బీమ్‌లో ఉన్నప్పుడు వెలుగంతా కిందికే పడుతుంది. దూరంగా ఉన్న బండి మీద ముందు తగిలేది చక్రాలకీ, కాళ్ళకీ. వీపు మీదకి వెలుగు వచ్చేసరికి కారు దగ్గరికి వచ్చేసి ఉంటుంది. అందుకని చీలమండల దగ్గర వెల్క్రో పట్టీలు, బండి కింది భాగాల్లో టేపు పెట్టాలి.

టేపు కొనేటప్పుడు స్టిక్కర్ల షాపుకి వెళ్ళి రేడియం కావాలంటే రంగు కాగితం లాంటి మామూలు వినైల్ కూడా రేడియమనే ఇస్తారు. లారీల వెనక అంటించే తేనెపట్టు గడుల టేపు అడగండి. పైన పారదర్శక పొర ఉంటుంది కాబట్టి వానలో తడిసినా వెలుగుతుంది. వెనక్కి ఎరుపు, పక్కలకి పసుపు, ముందుకి తెలుపు. ఈ వరస తప్పొద్దు, వెనక తెలుపు కనపడితే బండి ఎదురొస్తోందో పోతోందో అర్థంకాదు. వెనక మడ్‌గార్డ్ మీద రెండు ఎర్ర ముక్కలు, ముందు ఫోర్కు కాళ్ళ పక్కన, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి) మీద పసుపు, రిమ్ముల చుట్టూ సన్నటి టేపు చాలు. రిమ్ము టేపుకి ఖర్చు ఎంతో ఉండదు గానీ, పక్క సందులోంచి వచ్చేవాడికి రెండు వెలుగు వలయాలు తిరుగుతూ కనపడితే అది బైకని వెంటనే తెలుస్తుంది.

అంటించే ముందు సబ్బునీళ్ళతో జిడ్డు కడిగి, పూర్తిగా ఆరాక స్పిరిట్‌తో తుడవండి. మూలలు గుండ్రంగా కత్తిరించండి, కోసుగా ఉంటే అక్కడి నుంచే లేస్తుంది. బొటనవేలితో మధ్య నుంచి అంచులకి గట్టిగా రుద్ది, ఒక రోజు బండి కడక్కండి. హెల్మెట్‌కి మాత్రం సబ్బునీళ్ళే. థిన్నర్, పెట్రోలు తగిలితే పైకి ఏమీ తెలియకుండానే పెంకు బలం తగ్గిపోతుంది.

వర్క్‌షాప్‌బెంచీ జవాబు

బట్టల సంగతి పైన బాగా చెప్పారు. బండి సంగతి నేను చెప్తాను.

ఎల్ఈడీ బల్బు వద్దు. మీ హెడ్‌లైట్ డూమ్ లోపలి అద్దం వంపు ఫిలమెంట్ ఎక్కడ ఉంటుందో ఆ చోటుకి లెక్కగట్టి చేసింది. ఎల్ఈడీ బల్బులో చిప్పులు ఆ చోట ఉండవు, రెండు పక్కలకి అతికించి ఉంటాయి. దాంతో డిప్పర్ గీత చెదిరిపోయి వెలుగు పైకి చిమ్ముతుంది. తెల్లగా ఉంది కదా అని మీకు బాగానే అనిపిస్తుంది, ఎదుటివాడికి మాత్రం ఒక తెల్ల మంట తప్ప దాని వెనక బండి ఎంత దూరంలో ఉందో తెలియదు. కనపడటానికి పెట్టుకున్నదే దూరం తెలియకుండా చేస్తుంది. అలాగే 35/35 వాట్ల చోట 60/55 వాట్ల బల్బు కూడా వద్దు. హోల్డర్ కరుగుతుంది, వైర్లు వేడెక్కుతాయి, అద్దం మీది పూత మాడుతుంది.

పాత బల్బు తీసి చూడండి. గాజు లోపల నల్లబడి ఉంటే అదే వాట్ల మంచి కంపెనీ హాలోజన్ వెయ్యండి. గాజుని వేళ్ళతో ముట్టుకోవద్దు, చేతి జిడ్డు అంటిన చోట వేడికి మచ్చపడి బల్బు త్వరగా పోతుంది. డూమ్ గాజు పచ్చబడి ఉంటే బల్బు మార్చినా లాభం లేదు, గాజు పాలిష్ చేయించాలి లేదా మార్చాలి.

తర్వాత ఫోకస్. సమతలంగా ఉన్న చోట గోడకి సరిగ్గా 5 మీటర్ల దూరంలో బండి పెట్టి మీరు దాని మీద కూర్చోండి, టైర్లలో గాలి సరిగా ఉండాలి. ఇంకొకరితో నేల నుంచి డూమ్ మధ్య వరకు ఎత్తు కొలిపించి గోడ మీద అదే ఎత్తులో చాక్‌పీస్ గీత గీయించండి. డిప్పర్ వేస్తే వెలుగు పై అంచు ఆ గీతకి 5 సెంటీమీటర్లు కింద ఉండాలి. మీ బండికి డూమ్ కింద గానీ వెనక గానీ ఒక స్క్రూ ఉంటుంది, దానితో సరిచెయ్యండి. వెనక మనిషిని ఎక్కించుకుంటే బండి వెనక కుంగి వెలుగు పైకి లేస్తుంది. రోజూ ఇద్దరు వెళ్ళేట్టయితే వెనక షాకబ్జర్లు రెండింటినీ ఒకే మెట్టు గట్టి చేసి అప్పుడు ఫోకస్ చూసుకోండి.

2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన బళ్ళకి హెడ్‌లైట్ ఆఫ్ స్విచ్ ఉండదు, ఇంజిన్ నడుస్తున్నంతసేపు వెలుగుతుంది. కొందరు మెకానిక్‌తో స్విచ్ పెట్టించి ఆపేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఎదురుగా వచ్చే బైకు పగలు కూడా ముందు కనపడేది ఆ లైట్ వల్లనే.

అన్నిటికంటే ముఖ్యం వెనక బ్రేక్ లైట్. ముందు బ్రేక్‌తో ఒకసారి, వెనక బ్రేక్‌తో ఒకసారి విడివిడిగా చూడాలి. రెండూ ఒకేసారి నొక్కి చూస్తే ఒక స్విచ్ పోయినా తెలియదు. ఒక్కరే ఉంటే రాత్రి బండి వెనక భాగం గోడ వైపు ఉండేలా ఆపండి, గోడ మీద ఎరుపు మారుతుంది. పెడల్ ఓ సెంటీమీటరు దిగేసరికి, అంటే బ్రేక్ పట్టుకోకముందే, లైట్ వెలగాలి. ఆలస్యంగా వెలిగితే కుడి వైపు పెడల్ దగ్గర సన్నటి స్ప్రింగుతో లాగే స్విచ్ ఉంటుంది చూడండి. దాని ఒంటిని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, ప్లాస్టిక్ నట్టు మాత్రమే తిప్పి స్విచ్‌ని పైకి తేవాలి. స్విచ్‌నే తిప్పితే వైర్లు మెలిపడి తెగిపోతాయి. వానాకాలం బురద పట్టి ఈ స్విచ్ ఇరుక్కుపోతుంది, అప్పుడు లైట్ ఆగకుండా వెలుగుతూనే ఉంటుంది. వెలగకపోవడం కంటే ఇది తక్కువ ప్రమాదమేమీ కాదు. మీరు బ్రేక్ వేసినా వెనకవాడికి మార్పు కనపడదు.

వెనక బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి, 5 వాట్లది ఎప్పుడూ వెలిగేది, 21 వాట్లది బ్రేక్‌కి. 5 వాట్లది మాడిపోయి బ్రేక్‌ది బాగుంటే బ్రేక్ నొక్కి చూసి అంతా సరిగా ఉందనుకుంటారు. రాత్రంతా మాత్రం వెనక చీకటే. ఇండికేటర్ వేసినప్పుడు టెయిల్ లైట్ కూడా మిణుకుమిణుకుమంటే ఎర్తు సరిగా లేదని అర్థం, హోల్డర్ తుప్పుని గరుకు కాగితంతో రుద్దండి. ఒక ఇండికేటర్ ఉన్నట్టుండి వేగంగా కొట్టుకుంటే ఆ వైపు ఒక బల్బు పోయిందని.

ఫాగ్ లైట్ల గురించి: 20 వాట్లవి రెండు కడితే 40 వాట్లు. 125 సీసీ బండి బ్యాటరీ 4, 5 ఆంపియర్ అవర్‌దే. మియాపూర్ దగ్గర ట్రాఫిక్‌లో ఐడ్లింగ్‌లో నిలబడినప్పుడు అది ఛార్జ్ అవ్వదు, దిగిపోతుంది. పోలీసులు ఆపితే చలాన్ కూడా. నా మాట అడిగితే వద్దు. ముందు వంద, నూటయాభై రూపాయల్లో బల్బు, సరైన ఫోకస్. అది చాలు.

ఎడమట్రాక్ జవాబు

ఫాగ్ లైట్ల విషయంలో పై అన్నతో కొంచెం తేడా. కళ్ళు చెదరగొట్టేవి వద్దు, ఒప్పుకుంటాను. కానీ తక్కువ వాట్ల చిన్న దీపాలు రెండు కింద ఫోర్కు దగ్గర, నేలకి వంచి పెడితే ముందు నుంచి మూడు లైట్ల త్రికోణం కనపడుతుంది. ఒక్క లైటే ఉంటే ఎదుటివాడికి అది దూరంగా ఉందా, వేగంగా వస్తోందా తెలియదు. త్రికోణం దగ్గరికొచ్చే కొద్దీ విడిపోతుంది కాబట్టి అంచనా అందుతుంది. ఇది రెండో విడతలో ఆలోచించండి.

హజార్డ్ మాత్రం వద్దే వద్దు. నాలుగూ కొట్టుకుంటుంటే మీరు ఎటు తిరుగుతారో చెప్పే దారి పోయినట్టే. పక్కనుంచి చూసేవాడికి ఒక వైపువే కనపడతాయి, మీరు అటు తిరుగుతున్నారనుకుని ముందుకొచ్చేస్తాడు. ఇండికేటర్ వేసి ఆపడం మర్చిపోయినా ఇదే జరుగుతుంది. తిరిగిన వెంటనే బొటనవేలితో స్విచ్ నొక్కి ఆపడం చేతికి అలవాటవ్వాలి.

ఇప్పుడు అసలు విషయం. ఎంత మెరిసినా, చూసేవాడి కన్ను పడని చోట ఉంటే లాభం లేదు.

యూటర్న్‌లు. నేరుగా ఎదురొచ్చే బైకు వెనక ఉన్న దృశ్యం మీద పక్కకి జరగదు, కేవలం కొంచెం కొంచెం పెద్దదవుతుంది. కంటికి పక్కకి కదిలేది ఇట్టే దొరుకుతుంది, ఇలా పెరిగేది దగ్గరికి వచ్చేదాకా దొరకదు. పైగా కారు ముందు అద్దం పక్క స్తంభం వెనక ఒక బైకు మొత్తం దాక్కుంటుంది. అందుకని మీడియన్ గ్యాప్ వచ్చే ముందు డివైడర్ పక్క లేన్ వదిలి మధ్య లేన్‌లోకి రండి. గ్యాప్‌కి 50 మీటర్ల ముందే వేగం 40కి దించి, మీ లేన్‌లోపలే ఓ అర మీటరు అటూ ఇటూ జరగండి. ఆ జరగడమే లైట్‌ని కంటికి అందిస్తుంది. పక్కన బళ్ళున్నప్పుడు ఇది చేయకండి, వెనకవాళ్ళు తికమకపడతారు. డ్రైవర్ ముఖం చూసి నమ్మకండి, మీవైపు చూస్తూనే మిమ్మల్ని చూడని వాళ్ళుంటారు. కారు ముందు చక్రం చూడండి. బండి కదిలితే ముందు తెలిసేది చక్రం మీదే.

లారీలు. దాని సైడ్ మిర్రర్‌లో డ్రైవర్ ముఖం మీకు కనపడకపోతే మీరు అతనికి కనపడరు. క్యాబిన్ ఎడమ తలుపు పక్కన, బాడీకి ఆనుకుని వెనక, రెండూ గుడ్డి చోట్లే. సిగ్నల్ దగ్గర సందుల్లోంచి దూరి లారీ ముక్కు కింద ఆగడం మన దగ్గర మామూలైపోయింది. ఎత్తు క్యాబిన్ వల్ల ముందు రెండు, మూడు మీటర్ల దాకా డ్రైవర్‌కి నేల కనపడదు, పచ్చ లైట్ పడగానే అతని చూపు సిగ్నల్ మీద ఉంటుంది. ఆగాల్సి వస్తే ఇంకాస్త ముందుకి, అతని కంటికి మీ తల కనపడేంత దూరంలో ఆగండి. ఎడమకి తిరిగే లారీకి, ఫుట్‌పాత్‌కి మధ్య సందు ఎంత వెడల్పుగా ఉన్నా దూరకండి. ముందు చక్రాలు తిరిగిన దారిలో వెనక చక్రాలు రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఆ సందు మూసుకుపోతుంది.

బస్సులు స్టాపుకి వచ్చేటప్పుడు ఎడమకి లాగుతాయి, బయల్దేరేటప్పుడు కుడికి. ఆగిన బస్సుని దాటుతుంటే దాని ముందు నుంచి మనుషులు వస్తారని లెక్కేసుకుని, ఒక చేతి దూరం కాదు, ఒకటిన్నర మీటరు వదలండి.

రాత్రి ఎడమ అంచు సురక్షితం అనుకోవడం ఇంకో పొరపాటు. రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్ళు అంచు పట్టుకునే వస్తారు, కొందరికి లైట్ కూడా ఉండదు. ఆగిపోయిన లారీలు కూడా అంచునే ఉంటాయి. ఎడమ లేన్‌లో కార్ల చక్రాలు నడిచే రెండు జాడలుంటాయి, అందులో కుడి జాడలో వెళ్ళండి. గంటకి 60 వేగంలో మనసుకి తట్టి బ్రేక్ పట్టుకునేలోపే 17 మీటర్లు పోతుంది, పొడి రోడ్డు మీద బండి ఆగడానికి ఇంకో 23, 24 మీటర్లు. మొత్తం 40. మీ డిప్పర్‌లో దుమ్ము పట్టిన లారీ వెనక భాగం తెలిసేదీ దాదాపు అంతే దూరంలో. 50 వేగంలో మొత్తం 30 మీటర్లే పడుతుంది. అందుకే చీకటి భాగాల్లో 50 దాటొద్దని చెప్తున్నాను.

గేర్లు దించుతూ వేగం తగ్గిస్తే వెనక లైట్ వెలగదు. కాబట్టి గేరు దించే ముందే పెడల్‌ని లైట్ వెలిగేంత మాత్రం తొక్కండి. ఆగాక ఫస్ట్ గేర్‌లో ఉంచి, మిర్రర్ చూస్తూ, వెనక ఒక బండి వచ్చి ఆగేదాకా బ్రేక్ లైట్‌ని మూడు నాలుగు సార్లు కొట్టండి. ముందున్న బండికి సరిగ్గా వెనక ఆగకుండా, కొంచెం పక్కకి, తప్పుకునే సందు ఉంచుకుని ఆగండి.

షిఫ్ట్‌సీ

చాలా వివరంగా చెప్పారు, అందరికీ కృతజ్ఞతలు. గోడ దగ్గర చూస్తే వెనక బ్రేక్ పెడల్ సగం దిగాక గానీ లైట్ రావడం లేదు, ఆ నట్టు సంగతి రేపే చూస్తాను. ఇంకొక్క ప్రశ్న. హెల్మెట్‌కి మెర్క్యురీ గ్లాస్ (బయటికి అద్దంలా మెరిసేది) ఉంది. రాత్రి వానలో ఎదురు లైట్లన్నీ చుక్కలు చుక్కలుగా పగిలిపోయి కనపడుతున్నాయి. గ్లాస్ ఎత్తేసి నడపాల్సి వస్తోంది.

రేడియంరోల్

మెర్క్యురీ, స్మోక్ రెండూ పగటికే. రాత్రికి క్లియర్ గ్లాస్ ఒక్కటే. మీ హెల్మెట్ మోడల్‌కి విడిగా దొరుకుతుంది, 200 నుంచి 400 లోపు ఉంటుంది, పక్క స్క్రూలు విప్పి మీరే మార్చుకోవచ్చు. చుక్కలు పగిలినట్టు కనపడేది సగం గీతల వల్ల. పొడి గుడ్డతో దుమ్ము తుడిస్తే ఆ దుమ్మే గరుకు కాగితంలా పనిచేస్తుంది. తడి గుడ్డ ఐదు నిమిషాలు గ్లాస్ మీద పరిచి ఉంచి, దుమ్ము నానాక నీళ్ళు పోసి కడగండి. వేలి గోరుకి తగిలేంత గీత పడితే మార్చేయడమే.

లోపల ఆవిరి పట్టకుండా గిన్నెలు తోమే లిక్విడ్ సోప్ ఒక్క చుక్క లోపలి వైపు రాసి, మెత్తటి గుడ్డతో పూర్తిగా కనపడకుండా తుడవండి. ఎక్కువ మిగిలితే అదే పొగలా ఉంటుంది. రెండు మూడు రోజులకోసారి మళ్ళీ రాయాలి. వానలో గ్లాస్ మొత్తం ఎత్తకుండా ఒక్క గంటు మాత్రం తెరిచి ఉంచితే గాలి ఆడుతుంది, కళ్ళలో చినుకులు కొట్టవు.

వర్క్‌షాప్‌బెంచీ

నట్టు తిప్పే ముందు వెనక బ్రేక్ అడ్జస్ట్‌మెంట్ చూడండి. డ్రమ్ బ్రేక్ అయితే షూలు అరిగిన కొద్దీ పెడల్ ఆట, అంటే బ్రేక్ పట్టుకోకముందు పెడల్ దిగే దూరం, పెరుగుతుంది. మీది సగం దిగుతోందంటే ముందు రాడ్ చివర ఉన్న నట్టు బిగించి పెడల్ ఆట 20 నుంచి 30 మిల్లీమీటర్లకి తేవాలి, ఆ తర్వాతే స్విచ్. ముందు స్విచ్ సరిచేసి తర్వాత బ్రేక్ బిగిస్తే లైట్ టైమింగ్ మళ్ళీ మారుతుంది. బిగించాక సెంటర్ స్టాండ్ వేసి చక్రం చేత్తో తిప్పండి. ఎక్కడా రాసుకోకుండా తిరగాలి. డ్రమ్ ప్లేట్ మీద అరుగుదల చూపే బాణం అక్కడి గుర్తుకి చేరి ఉంటే బిగించి లాభం లేదు, షూలు మార్చాలి.